తాతగారి జవాబు: సంక్రాంతి నాటిక చూశాక

మొన్న సంక్రాంతి సంబరాల్లో మన పిల్లలూ పెద్దలూ కలిసి వేసిన హాస్యనాటిక మీద నాలుగు మాటలు రాసిమ్మని సంపాదకులు అడిగారు. ఆయన పొగడ్త ఆశించారో విమర్శ ఆశించారో నాకు తెలియదు. నాటిక జరుగుతున్నంతసేపూ అందరితోపాటు నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. తిరిగి ఇంటికి వెళుతుంటే కారులో ఆ నవ్వు కాస్త చేదెక్కింది. ఎందుకు చేదెక్కిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. రాసినవారూ వేసినవారూ నా మిత్రులే. చదివి కోపం తెచ్చుకోరనే ధైర్యం ఉంది.

ఆ రోజు రాలేకపోయినవారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. కొత్తగా అమెరికా వచ్చిన తాతగారు పంచె మీద కోటు తొడుక్కుని మనవడి వెంట కిరాణా కొట్టుకి వెళతారు. గల్లా దగ్గర అమ్మాయి "హౌ ఆర్ యూ టుడే?" అంటుంది. తాతగారు చేతిలో సంచీ కింద పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెడతారు. మోకాళ్ళ నొప్పులు, విమానంలో పట్టేసిన నడుము, మూడు రోజులుగా సాగని విరేచనం, చివరికి ఊళ్ళో కౌలుదారు ఎగ్గొట్టిన కౌలు దాకా పూస గుచ్చినట్టు వినిపిస్తారు. వెనక వరస పెరిగిపోతుంది. మనవడు తల పట్టుకుంటాడు. ఆఖరి రంగంలో మనవడు తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి "ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అని పదిసార్లు వల్లె వేయిస్తాడు. మర్నాటినుంచి తాతగారు ఎవరేమడిగినా, పేరడిగినా, టైమెంతయిందని అడిగినా అదే జవాబు చెబుతారు. తెర పడుతుంది, చప్పట్లు.

ముందుగా ఒక చిన్న అభ్యంతరం. పదేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఉంటున్నాను. ఓక్ ట్రీ రోడ్డు మీద కూరల కొట్ల దగ్గరనుంచి మెట్రోపార్క్ స్టేషను దాకా మన పెద్దవాళ్ళని ఎందరినో చూశాను. ఒక్క తెలుగు పెద్దాయన గల్లా దగ్గర అమ్మాయికి తన విరేచనాల కథ చెప్పగా నేను చూడలేదు. మనవాళ్ళు అలా చెప్పరు. పరాయివాడు పలకరిస్తే మన పెద్దాయన ఒక్క క్షణం నిలబడి, కొడుకు మొహంకేసి చూసి, నవ్వీ నవ్వనట్టు తలాడిస్తాడు. మన భాషలో కూడా "ఎలా ఉన్నారు?" అంటే "ఏదో, మీ దయవల్ల ఇలా ఉన్నాం" అంటాడే గాని లోపలి సంగతి బయట పెట్టడు. బ్రహ్మాండంగా ఉన్నానని మాత్రం చచ్చినా అనడు, దిష్టి తగులుతుంది. మన జవాబు ఎప్పుడూ ఒక మెట్టు కిందికి దిగి ఉంటుంది, ఇక్కడివాళ్ళ "గ్రేట్!" ఒక మెట్టు పైకెక్కి ఉంటుంది. రెండూ కొలతకి సరిపోయే మాటలు కావు. కనక నాటికలోని తాతగారు చూసి రాసిన మనిషి కాదు, పార్టీల్లో చెప్పుకునే జోకుల్లోంచి దిగుమతి అయిన మనిషి.

అయితే జోకుకి పాత వంశమే ఉంది. పలకరింపుకి నిజం జవాబు చెప్పి సభలో అభాసుపాలైన మహా పాత్ర ఒకటి ఇంగ్లీషు నాటకంలో ఉంది. షా రాసిన పిగ్మేలియన్ మూడో అంకం గుర్తు తెచ్చుకోండి. 1913లో వియన్నాలో మొదటిసారి ఆడింది, మర్నాటి ఏడు లండన్‌కి వచ్చింది. మనలో చాలామందికి మై ఫెయిర్ లేడీ సినిమాగా తెలుసు. అందులో ఆ సన్నివేశాన్ని గుర్రప్పందేల మైదానానికి మార్చారు. పువ్వులమ్మే ఎలైజాకి హిగ్గిన్స్ దొరగారు ఉచ్చారణ నేర్పి, తన తల్లి ఇంటికి పెద్దమనుషుల మధ్యకి తీసుకొస్తాడు. రెండే విషయాలు మాట్లాడమని కట్టడి: వాతావరణం, అందరి ఆరోగ్యం. వాన పడుతుందా అని అడిగితే ఎలైజా వాతావరణ శాఖ ప్రకటనలాగా జవాబిస్తుంది. ఎవరో ఊరంతా ఇన్‌ఫ్లుయెంజా అన్నారు. ఆరోగ్యం తన పాఠంలో ఉన్న విషయమే కదా అని, తన పిన్ని ఆ జబ్బుతోనే పోయిందని అందరూ అంటున్నా, తన అనుమానం ఇంట్లోవాళ్ళే ఆవిణ్ణి చంపేశారని, శుద్ధమైన ఉచ్చారణతో చెబుతుంది. అంతకుముందు ఏడాది డిఫ్తీరియా వచ్చి ఒళ్ళు నీలంగా మారినా ఆవిడ బతికి బయటపడిందట. మన పెద్దవాళ్ళు కంఠసర్పి అని భయపడిన జబ్బు అది. అంతటి దాన్నించి తట్టుకున్న మనిషి జలుబుకి పోతుందా అని ఎలైజా వాదన. వైద్యుడిగా చెప్పాలంటే తర్కం సరిగ్గా లేదు. కాని రోగి గతచరిత్రని వరసలో, లక్షణాలతో సహా చెప్పే పద్ధతి మా హౌస్ సర్జన్లలో చాలామందికంటే మెరుగు!

ఇప్పుడు దీని పక్కన మన కన్యాశుల్కం పెట్టి చూడండి. మనమందరం చదువుకునే రూపం 1909 నాటిది, అంటే షా నాటకానికి నాలుగేళ్ళ ముందుది. అగ్రహారంలో ఇంట్లోవాళ్ళ ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో "మాట్లాడుకుంటారు". ఒకడు పిల్లల పద్యంలో ముక్క అంటాడు, రెండోవాడు వాచకంలో వాక్యం అంటాడు. తర్వాత రేఖాగణితం, తర్వాత వ్యాకరణ సూత్రం. ఒక్క మాటకీ మరో మాటకీ సంబంధం లేదు. అయినా ఇద్దరూ వంతు తప్పకుండా, జంకు లేకుండా, ముఖాముఖీగా అంటున్నారు కనక సంభాషణ నడిచినట్టే. అర్థమేమిటని అడిగితే సెలవుల్లో ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం సర్దేస్తాడు. ఎలైజాకి ఉచ్చారణా ఉంది, అర్థమూ ఉంది, ఆ అర్థమే ఆమె కొంప ముంచింది. వీళ్ళకి అర్థం లేదు, అది లేకపోవడమే వీళ్ళని గట్టెక్కించింది. పలకరింపు అనేదాని లోగుట్టు ఈ రెండు రంగాలూ చెరో వైపునుంచి పట్టుకున్నాయి. గురజాడవారిది ఎగతాళి అనుకుని మనం నవ్వి ఊరుకుంటాం గాని, ఈ దేశంలో మొదటి ఏడాది మనమందరం చేసింది అచ్చంగా అదే పని.

ఆ లోగుట్టు గురించి మాట్లాడే హక్కు ఐసెలిన్ వాళ్ళకి కాస్త ఎక్కువే ఉంది. మన ఓక్ ట్రీ రోడ్డుకి కూతవేటు దూరంలో మెన్లో పార్క్ ఉంది. ఎడిసన్ 1876లో తన ప్రయోగశాల పెట్టింది అక్కడే. అప్పట్లో రారిటన్ టౌన్‌షిప్ అనే ఆ ఊరు 1954లో ఆయన పేరే పెట్టుకుంది. క్రిస్టీ స్ట్రీటులో జ్ఞాపకార్థం కట్టిన స్తంభానికి మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి బల్బు కథ చెబుతారు. హలో కథ ఎవరూ చెప్పరు. 1877 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లోని టెలిగ్రాఫు కంపెనీ అధ్యక్షుడికి ఎడిసన్ ఉత్తరం రాస్తూ, టెలిఫోనుకి పిలుపు గంట అక్కర్లేదు, హలో అని గట్టిగా అంటే పది ఇరవై అడుగుల దూరం వినపడుతుందని సూచించాడు. టెలిఫోను కనిపెట్టిన బెల్ గారికి మాత్రం ఓడల వాళ్ళ "అహాయ్" ఇష్టం. ఎడిసన్ మాట నెగ్గింది. ఇవాళ కాకినాడలో మా అమ్మ ఫోను ఎత్తి అనేదీ అదే. గమనించవలసింది ఏమిటంటే, ఆ ఉత్తరంలో హలో ఒక గంటకి బదులుగా వచ్చింది. గంటకి అర్థం ఉండదు. తీగకి అవతల మనిషి ఉన్నాడు, దారి తెరిచి ఉంది, అంతే. గల్లా దగ్గర అమ్మాయి అనే "హౌ ఆర్ యూ" ఆ గంటే, ప్రశ్నార్థకం తొడుక్కుని వచ్చింది. గంటకి జవాబు గంటే.

దీనికి శాస్త్రంలో పేరు కూడా ఉంది. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు పసిఫిక్ దీవుల్లో కొన్నేళ్ళు గడిపి వచ్చి, 1923లో ఒక వ్యాసంలో ఇలాంటి మాటలకి ఫాటిక్ కమ్యూనియన్ అని పేరు పెట్టాడు. సమాచారం కోసం కాక, మనిషికీ మనిషికీ మధ్య మౌనం పోగొట్టి బంధం కలపడానికి ఆడే మాటలన్నమాట. ఆరోగ్యం గురించిన పలకరింపులనీ, వాతావరణం మీద వ్యాఖ్యల్నీ ఆ జాబితాలోనే చేర్చాడు. అంటే హిగ్గిన్స్ ఎలైజాకి ఇచ్చిన రెండు విషయాలే!

ఇక్కడ మన మిత్రుల మాట ఒకటి ఖండించకుండా ముందుకి పోలేను. "వీళ్ళ పలకరింపంతా బూటకమండీ, మనవాళ్ళు అడిగితే మనసారా అడుగుతారు" అని ప్రతి విందులోనూ ఒకరు అంటారు, నలుగురు తలూపుతారు. భుజాన తువ్వాలు, చేతిలో చెంబు, ఒళ్ళంతా నూనె పెట్టుకుని చెరువు వైపు పోతున్నవాణ్ణి పట్టుకుని "ఏం బావా, స్నానానికేనా?" అని అడిగేది ఎవరు? ఊరికి బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదు కనక "దూరమా?" అని అడిగి, జవాబు వినకుండా పోయేది ఎవరు? మా తాతగారి పెట్టెలో ఉత్తరాల కట్ట ఉండేది. ప్రతి ఉత్తరమూ ఉభయకుశలోపరితో మొదలు. ఇచ్చట అందరమూ క్షేమం, అచ్చట మీ క్షేమం తెలుపగలరు. అది రాసి, కింద మూడో వాక్యంలో పెద్దమ్మకి పక్షవాతం వచ్చిందని రాసేవారు. ఎవరికీ అది అబద్ధంగా తోచలేదు. క్షేమం అనేది అక్కడ గంట, పక్షవాతం సమాచారం. రెండూ రెండు వేర్వేరు అరల్లో ఉంటాయని ఇద్దరికీ తెలుసు.

మనకి వచ్చిన చిక్కు ఇంగ్లీషు రాకపోవడం కాదు, ఇంగ్లీషులో ఏది ఏ అరలోదో తెలియకపోవడం. రెసిడెన్సీలో నా మొదటి వారం, నడవాలో ఎదురొస్తున్న పెద్ద డాక్టరుగారు "హౌ ఆర్ యూ" అన్నారు. నేను నిలబడి, చేతులు కట్టుకుని, బాగానే ఉన్నానండీ, ఇల్లు ఇంకా దొరకలేదు అని చెప్పబోయేసరికి ఆయన వీపు కనిపించింది. కాకినాడ రంగరాయలో చదువుకున్నవాణ్ణి, గురువు పలికితే నిలబడడం మాకు ఒంట్లో పట్టిన అలవాటు. తర్వాత రెండు నెలలు, నడుస్తూనే జవాబివ్వడం ప్రాక్టీసు చేశాను. నవ్వకండి, అది స్టెతస్కోపు పట్టడం కంటే కష్టం.

డాక్టర్లకి దీని మీద ఒక పరీక్షే ఉండేది. 2004 నుంచి 2020 దాకా స్టెప్ టూ సీఎస్ అని, దేశం మొత్తానికి అయిదు కేంద్రాల్లోనే జరిగేది. నేను ఫిలడెల్ఫియా వెళ్ళి రాశాను. పన్నెండుమంది నటులు రోగులుగా పన్నెండు గదుల్లో కూర్చుంటారు. ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలు. తలుపు తట్టాలి, పేరు చెప్పాలి, నవ్వాలి. మన ఇంగ్లీషుకి వేరే మార్కులు. కోవిడ్‌తో ఆగి, 2021 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు. దానికోసం మేం బట్టీ పట్టిన మొదటి ప్రశ్న హౌ ఆర్ యూ కాదు. ఇవాళ మీరు ఇక్కడికి రావడానికి కారణమేమిటి అనే ప్రశ్న. అప్పుడు గమనించలేదు గాని, కాకినాడ పెద్దాసుపత్రి ఓపీలో మా ప్రొఫెసరుగారు రోగి కూర్చునేలోపే అడిగే "ఏమిటమ్మా బాధ?" అచ్చంగా అదే. పలకరింపు వేరు, అడగడం వేరు అని ఇక్కడి వైద్యానికీ తెలుసు, అక్కడి వైద్యానికీ తెలుసు. ఆ రెండిటి మధ్య నిలబడిన నేనే ఒకరోజు మరిచిపోయాను.

రెండేళ్ళ క్రితం సంగతి. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మారుస్తున్నాను. ఇండియానుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ మాష్టారు. అరవై ఎనిమిదేళ్ళు, బీపీ, షుగరు. తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతే చీటీ రాయించుకోవడానికి కొడుకు తీసుకొచ్చాడు. వేరే పనేమీ లేదు. నా పక్కన ఒక అమెరికన్ మెడికల్ విద్యార్థి ఉంది కనక ఇంగ్లీషులోనే "హౌ ఆర్ యూ డూయింగ్, సర్?" అన్నాను. "ఫైన్, థాంక్యూ. అండ్ యూ?" అన్నారు. ఎంత చక్కగా అన్నారంటే, ఆ అమ్మాయి మెచ్చుకోలుగా నవ్వింది. బీపీ చూశాను, గుండె విన్నాను, మరోసారి అదే అడిగాను, అదే జవాబు. చీటీ రాసి లేచాను. కొడుకు ఫోను మోగి బయటికి వెళ్ళాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, ఊరికే, మర్యాదకి, తెలుగులో "ఇక్కడి తిండి సయిస్తోందా మాష్టారూ?" అన్నాను.

"తిండికేం బాబూ. మెట్లెక్కితేనే ఇక్కడ పట్టేసినట్టుంటోంది" అని పిడికిలి రొమ్ము మధ్య పెట్టుకున్నారు.

ఏ డాక్టరునైనా అడగండి, ఆ పిడికిలి ఏమిటో చెబుతారు. పది రోజులుగా ఉందట. ముందురోజు రాత్రినుంచి కూర్చున్నా వస్తోందట. ఈసీజీ తీశాం, బాగాలేదు. అంబులెన్సులో ఆసుపత్రికి పంపాం. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి దాదాపు పూడుకుపోయి ఉంది. ఆ సాయంత్రమే స్టెంటు వేశారు. బతికారు. బతకకపోయి ఉంటే, నా నోట్సులో రోగి తాను బాగానే ఉన్నట్టు రెండుసార్లు చెప్పాడని రాసి ఉండేది. దాన్ని ఎవరూ తప్పుపట్టి ఉండరు కూడా.

మర్నాడు వార్డులో చూడ్డానికి వెళ్ళి, నిన్న రెండుసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదండీ అని నిష్ఠూరంగా అడిగాను. మాష్టారు ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. "మీరు అడిగింది ఇంగ్లీషులో కదా బాబూ. ఇంగ్లీషులో ఫైనే. తెలుగులోనే బాలేదు" అన్నారు. తర్వాత మెల్లగా మిగతాది చెప్పారు. వచ్చిన వారంలోనే మనవరాలు ఆ జవాబు నేర్పి, ఎవరడిగినా ఇదే చెప్పాలి తాతయ్యా అని ఒట్టు వేయించుకుంది. విజిటర్లకి చేసిన ఇన్సూరెన్సులో పాత జబ్బులకి డబ్బు రాదని కొడుకూ కోడలూ వంటగదిలో మాట్లాడుకోవడం విన్నారు. బాగాలేదంటే ఎంత ఖర్చో అని భయం. ఆ భయానికి "ఫైన్" అనే మాట మంచి కప్పుగా అమరింది.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ నా దగ్గరికి వచ్చినప్పుడు నర్సు బీపీ కట్టు కడుతూ "హౌ ఆర్ యూ?" అంది. మాష్టారు నావైపు తిరిగి, "ఇది జవాబు చెప్పవలసిందేనా డాక్టరు గారూ?" అని అడిగారు. చెప్పవలసిందేనన్నాను. పావుగంట చెప్పారు. నర్సు అంతా రాసుకుంది.

ఇప్పుడు నాటిక దగ్గరికి వస్తాను. మొదటి రంగం సరదా రంగం, దాంతో నాకు పెద్ద పేచీ లేదు. ఆఖరి రంగం, వల్లె వేయించే రంగం, నిజానికి చాలా బలమైనది. రాసినవారికి దాని బలం తెలిసినట్టు లేదు. దాన్ని శుభం కార్డుగా వాడుకున్నారు. మనిషి నోటికి ఒక బిరడా బిగించి, బిగించడం పూర్తయిందని మనం చప్పట్లు కొట్టాం. అడిగినదానికల్లా తాతగారు ఫైన్ అంటూ ఉంటే హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. కారులో చేదెక్కింది అక్కడే. ఆ పంచె కట్టిన పిల్లవాడి స్థానంలో మాష్టారు కనిపించారు.

రెండో లోపం, వినేవాళ్ళు లేకపోవడం. షా ఎంత కొంటెవాడైనా ఎలైజాకి ఫ్రెడ్డీని ఇచ్చాడు. గది నిండా పెద్దమనుషులు బిగుసుకుపోతే, ఆ ఒక్క కుర్రవాడు మాత్రం ఆనందంగా నవ్వుతూ ఇదేదో కొత్త మాటతీరు అనుకుంటాడు. ఇంకొంచెం సేపట్లో మనసే ఇచ్చేస్తాడు. మన నాటికలో గల్లా దగ్గర అమ్మాయికి ఆ ఒక్క ప్రశ్న తప్ప డైలాగే లేదు. కళ్ళు తిప్పడం, గోళ్ళు చూసుకోవడం, అంతే. అమెరికన్ అంటే ఇంతేనా? మా అమ్మ నిరుడు వచ్చినప్పుడు ఇక్కడి కొట్లో ఒక గల్లా అమ్మాయి పలకరిస్తే, ఇంగ్లీషు జవాబు తోచక తెలుగులోనే "భోంచేశావా తల్లీ?" అంది. ఆ అమ్మాయికి ఒక్క ముక్క తెలియదు. యెస్ మామ్ అని, సంచీ తనే కారు దాకా మోసుకొచ్చింది. గిరీశం వెంకటేశాల సంభాషణకి ఏమాత్రం తీసిపోదు. ఇలాంటిది ఒక్కటి పడి ఉంటే నాటిక ఎత్తే మారిపోయేది.

నటుల సంగతి. తాతగారి వేషం వేసిన కుర్రవాడికి ఇక్కడే పుట్టినా పంచె నిలబెట్టుకోవడం వచ్చింది, రెండుసార్లు తప్ప. గొంతు సవరించుకునే తీరు ఎవరి దగ్గర పట్టాడో గాని అద్భుతం, మా మేనమామ కళ్ళకి కట్టాడు. మనవడి పాత్రధారి డైలాగులు మింగేశాడు, ముందు వరసల వాళ్ళకి కూడా వినపడలేదు. మైకు ఒకటే అయినప్పుడు దాన్ని గల్లా బల్ల మీద పెట్టాలి గాని రంగం పక్కన కాదు. తెరవెనక సంగీతం రెండింతలు ఎక్కువైంది.

ఉగాదికి మళ్ళీ వేస్తారని విన్నాను. రాసినవారు ఒప్పుకుంటే ఆఖర్న అర నిమిషం రంగం ఒకటి చేర్చమని నా మనవి. కొట్టు సామాను అక్కర్లేదు, రెండు కుర్చీలు చాలు. తెల్లకోటు నేనిస్తాను. డాక్టరు వేషానికి ఎవరూ దొరక్కపోతే ఆ వేషం కూడా నేనే వేస్తాను. ఆ ప్రశ్న అడగడం నాకు బాగా అలవాటు.